గుసగుసల పెళ్ళి ఖర్చు

గుడ్ ఫ్రైడే పొద్దున్నే నెరెయిదా వంటింట్లో నిలబడి ఎర్ర చిక్కుడుగింజల పాయసం కలుపుతోంది. గింజలు ముందురోజే ఉడికించి రుబ్బి పెట్టుకుంది. ఇప్పుడు కొబ్బరిపాలు, చిలగడదుంప ముక్కలు పడ్డాయి కాబట్టి అడుగంటకుండా గరిటె తిప్పుతూనే ఉండాలి. ఏటా ఈ రోజున వీధిలో ప్రతి ఇంటికీ ఒక గిన్నె పాయసం వెళ్తుంది, ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నె వస్తుంది. ఈసారి గిన్నెలతో అయ్యేది కాదని గంగాళమే ఎక్కించింది. పెరట్లో సినిమావాళ్ళు పాతికమంది ఉన్నారు మరి.

సినిమా ఆమె కూతురు యుడెల్కాది. రెండు బద్ధశత్రువుల కుటుంబాలు వియ్యమందుకునే హాస్యకథ. ఒక స్ట్రీమింగ్ కంపెనీ కథ విని మెచ్చింది. అయితే ముందుగా ఒక్క పెసో కూడా ఇవ్వనంది. జూన్ నెలాఖరుకి పూర్తయిన సినిమా చేతిలో పెడితే ఎనభై లక్షల పెసోలు ఇస్తామని సంతకం పెట్టింది. తీయడానికి అరవై లక్షలు కావాలి. యుడెల్కా ప్రకటనలు తీసి దాచుకున్నదీ, అన్న విల్టన్ బ్యాంకు ఉద్యోగంలో కూడబెట్టినదీ కలిపితే ఇరవై తేలాయి. మిగతా నలభై కోసం నెరెయిదా ఇల్లు సహకార సంఘంలో తాకట్టు పెట్టింది.

డొమినికన్ రిపబ్లిక్ రాజధాని సాంతో దొమింగోలో ఆ పేటలో ముప్ఫై ఏళ్ళు బ్యూటీపార్లర్ నడిపి, వచ్చినవాళ్ళ జుట్టు ఆరబెట్టి ఆరబెట్టి భుజం అరగదీసుకుని కట్టుకున్న ఇల్లది. ఆమె కాగితం చదవకుండానే సంతకం పెట్టేసింది. మూడుసార్లు చదివినవాడు విల్టన్. సినిమా పద్దంతా తనే చూస్తానని పట్టుబట్టి, ఆ రోజు నుంచి నటులకు ఐసుముక్క కూడా లెక్కపెట్టి ఇస్తున్నాడు.

చివరి నాలుగు రోజుల షూటింగు ఈ వారంలో పెట్టింది కూడా వాడే. పండగ వారంలో ఎవరూ సినిమాలు తీయరు, అందుకని కెమెరాలు, లైట్లు సగం అద్దెకే వస్తాయి. నగరంలో సగం జనం సముద్రానికి పోతారు, వీధిలో హారన్ల గోల ఉండదు. మిగిలినవాళ్ళకు సెలవు కాబట్టి పెళ్ళి సీనుకి కావలసిన అరవైమంది చుట్టాలు ఇరుగుపొరుగు ఇళ్ళలోంచే దొరుకుతారు. కాగితం మీద ఇంత అందమైన ప్లాను ఇంకొకటి లేదు. యుడెల్కా కూడా ఎగిరి గంతేసింది. పెళ్ళి సీను శుక్రవారమని తెలిసినప్పుడు నెరెయిదా మాత్రం, "ఆ రోజు తంబోరా డోలు మీద ఎవడు చెయ్యి వేస్తాడ్రా నాన్నా?" అని అడిగింది. "సగం అద్దె అమ్మా" అన్నాడు విల్టన్, అంతటితో మాట అయిపోయినట్టు.

ఇప్పుడు ఆ శుక్రవారం వచ్చింది.

మొదటి ఫోను బ్యాండు నుంచి. అకార్డియన్ వాయించే పెద్దాయన తారీఖు చూసుకున్నాడు గానీ ఏ వారమో చూసుకోలేదట. ప్రభువు చనిపోయిన రోజున పెళ్ళిపాట వాయిస్తే తన చేతులు ఎండిపోతాయన్నాడు. ఇచ్చిన అడ్వాన్సు సోమవారం తెచ్చి ఇస్తానని ఫోను పెట్టేశాడు. రెండో ఫోను వరుడి అన్న వేషం వేయాల్సిన నటుడి నుంచి. వాళ్ళ అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుందట.

తర్వాత పొరుగువాళ్ళు వచ్చారు. మాట తప్పే మనుషులు కాదు, అరవైమందీ వచ్చారు. కానీ ఒక్కరి ఒంటిమీదా రంగుబట్ట లేదు. ఆడవాళ్ళు నల్లగౌన్లు, మగవాళ్ళు గుండీ మెడదాకా పెట్టిన తెల్లచొక్కాలు. అందరికీ ముందు పక్కింటి పెద్దావిడ దోన్యా ఒర్ఫెలీనా, జపమాల చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది.

"యుడెల్కా తల్లీ, కూర్చోమంటే కూర్చుంటాం, తినమంటే తింటాం. ఆడమనకు, పాడమనకు, చప్పట్లు కొట్టమనకు. రేపు పొద్దున అయితే నేనే బల్లెక్కి ఆడతాను."

"రేపు పొద్దున కెమెరా వెనక్కి ఇచ్చేయాలి దోన్యా" అంది యుడెల్కా.

వంటింటి కిటికీలోంచి నెరెయిదా అంతా చూస్తోంది. కంపెనీ కథ కొన్నదే ఆ పెళ్ళి సీను చూసుకుని. అది లేకపోతే సినిమా లేదు, సినిమా లేకపోతే ఎనభై లక్షలు లేవు, అవి లేకపోతే తను నిలబడి ఉన్న ఈ వంటిల్లు సహకార సంఘానిది. గరిటె ఆపకుండానే ఆమె కూతురి ముఖం వైపు చూసింది, తర్వాత కొడుకు ముఖం వైపు. ఇద్దరూ పెళ్ళిపందిరి కిందకి నడిచారు. తల్లికి తెలుసు ఏం జరగబోతోందో.

"ఈ రోజు నా ఇంట్లో ఎవరూ గొంతు లేపడానికి వీల్లేదు" అంది కిటికీలోంచే. "కొట్టుకు చావాలనుకుంటే మెల్లిగా చావండి."

చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో గుడ్ ఫ్రైడే నియమం అదే. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ముప్ఫై దాటినా అది తప్పడానికి ధైర్యం చాలలేదు. పళ్ళు బిగించి గుసగుసల్లో మొదలుపెట్టారు.

"సోమవారం ఇంకో రోజు తీసుకుందాం" అంది యుడెల్కా.

"ఎవరి డబ్బుతో? పండగ దాటితే అద్దె మామూలు రేటు. కెమెరా, లైట్లు, జనరేటరు, పాతికమందికి రోజు కూలి, మొత్తం నాలుగు లక్షలు. నా దగ్గరున్నది తొంభై వేలు. ఈ పూట కూలి ఇచ్చాక నీకు మిగిలేది గరిటెడు పాయసం."

"మరి శుక్రవారం పెళ్ళి పెట్టిన మేధావి ఎవరు?"

"సగం అద్దె అనగానే నన్ను ముద్దు పెట్టుకున్న మేధావి ఎవరు?"

"నువ్వు డబ్బు చూశావు. మనుషుల్ని చూడలేదు."

"నువ్వు ఏం చూశావు? రెండు వారాల కింద ఒక్క కొబ్బరిచెట్టు మీంచి డ్రోన్ ఎగరాలని నలభై వేలు తగలేశావు. ఆ చెట్టు సినిమాలో ఎక్కడుందో నాకు చూపించు."

"అది కథకి అవసరం."

"చెట్టుకి డైలాగుందా?"

కోపం పెరిగేకొద్దీ చేతులు ఎక్కువ ఊగుతున్నాయి, ముఖాలు ఎర్రబడుతున్నాయి, గొంతు మాత్రం లేవడం లేదు. యుడెల్కా పెళ్ళికేకు పక్కనున్న చెంచా విసరబోయి, శబ్దమవుతుందని గుర్తొచ్చి, తీసుకెళ్ళి బల్ల మీద మెల్లిగా పెట్టి వచ్చింది. విల్టన్ కాలితో కుర్చీ తన్నబోయి, ఆగి, దాన్ని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, అప్పుడు కోపంగా ముందుకొచ్చాడు.

"అమ్మ వీధిలో పడితే ఏం చేస్తావు?" అన్నాడు. ఈసారి గుసగుస కూడా సరిగా రాలేదు. "నాన్న పోయిన రోజు నాకిరవై రెండు. ఈ ఇంటి కప్పు నా నెత్తి మీద పెట్టుకునే తిరుగుతున్నా. నీకు నవ్వులాట. ఇల్లు పోతే అది నా వల్ల పోయినట్టు. శుక్రవారం పెట్టింది నేను, విన్నావా? నేనే."

నెరెయిదా పొయ్యి ఆర్పేసింది. వాడు ఇన్నేళ్ళూ పిసినారితనంతో ముఖం ముడుచుకుని తిరుగుతున్నాడని అనుకుందే గాని, భయంతో తిరుగుతున్నాడని ఆమెకు తట్టలేదు. కన్నతల్లికి తట్టాల్సింది. కళ్ళు తుడుచుకుని పెరట్లోకి రాబోయింది.

అంతలోకి దోన్యా ఒర్ఫెలీనా పందిరి కిందకి వచ్చి ఇద్దరి మధ్యా జపమాల అడ్డం పెట్టింది.

"ష్. ప్రభువు పడుకున్నాడు. కొట్టుకోండి, కాదనను. చప్పుడు చేయకండి."

ఎక్కడో ఎవరో ముక్కులోంచి నవ్వారు. చూస్తే సౌండు చూసే కుర్రాళ్ళు కాదు, కెమెరామన్ రాదామెస్. యాభై దాటిన మనిషి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని కన్నీళ్ళు కారుస్తున్నాడు. పందిరికి కట్టిన మైకు ఎవరూ ఆపలేదు. వాళ్ళ గుసగుసలన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి. ఆయన వెనక అరవైమంది చుట్టాలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. పెద్దగా నవ్వడానికి లేదు, ఆపుకోవడానికీ రావడం లేదు.

యుడెల్కా చుట్టూ చూసింది. తర్వాత అన్న ముఖంలోకి చూసింది.

"అన్నయ్యా," అంది మెల్లిగా, "మన సినిమాలో పెళ్ళికొడుకు శనివారం ఓడ ఎక్కుతాడు. ఉద్యోగం. శుక్రవారమే పెళ్ళి జరగాలి. పాట లేదు, ఆట లేదు. పరమశత్రువులు రెండు కుటుంబాలు, పెళ్ళికానుకల దగ్గర్నుంచి కేకు ముక్క దాకా ప్రతిదానికీ కొట్టుకుంటారు. గుసగుసల్లో."

విల్టన్ బుర్రలో లెక్క తిరిగింది. "బ్యాండు ఖర్చు లేదు" అన్నాడు. రెండో వేలు మడిచి, "రంగుబట్టల అద్దె లేదు."

"వరుడి అన్న లేడు."

"ఎవడినైనా చూడు."

"చూస్తున్నా" అంది యుడెల్కా, అన్న మీంచి చూపు తిప్పకుండా.

అప్పుడు అందరూ నెరెయిదా వైపు తిరిగారు. ఇల్లు ఆమెది, రోజు ప్రభువుది. ఆమె ఒప్పుకోకపోతే దోన్యా ఒర్ఫెలీనా ఒప్పుకోదు, దోన్యా ఒప్పుకోకపోతే వీధి ఒప్పుకోదు.

"ఈ రోజు ఏటిలో మునిగితే చేపలైపోతారని మా అమ్మ చెప్పింది. మేకు కొట్టకూడదని చెప్పింది. గుసగుసలాడితే పాపమని మాత్రం ఎవరూ చెప్పలేదు. కడుపు నింపుకోవడానికి చేసే పని కూడా కాదిది, గూడు నిలబెట్టుకోవడానికి. జవాబు అడిగితే నేను చెప్పుకుంటాను. మూడు గంటలకు మాత్రం అన్నీ ఆపేయాలి. ప్రార్థన అయ్యాకే మళ్ళీ."

తీశారు. చెప్పులు చేత్తో పట్టుకుని దొంగచాటుగా వచ్చిన రిజిస్ట్రారు చెవిలో వధువు "ఒప్పుకుంటున్నాను" అని గొణిగితే, ఆయన "ఏంటమ్మా?" అని గొణిగాడు. వియ్యపురాళ్ళిద్దరూ పాయసం గిన్నెని శబ్దం రాకుండా అటూ ఇటూ లాక్కున్నారు. దోన్యా ఒర్ఫెలీనాకి డైలాగులు రాసివ్వలేదు. పొద్దున్నించీ చేస్తున్నదే చేయమన్నారు. విల్టన్‌కి ఏమీ నేర్పనక్కర్లేదు. పెళ్ళి బల్ల దగ్గర నిలబడి, ఎదుటివాళ్ళు కేకు ఎంత మందంగా కోస్తున్నారో చూసి, మెడనరాలు ఉబ్బేలా గుసగుసలాడాడు, పొద్దున చేసినట్టే కుర్చీ తన్నబోయి ఎత్తి పక్కన పెట్టాడు. రాదామెస్ రెండుసార్లు కెమెరా మీద తల ఆనించుకుని నవ్వుకోవాల్సి వచ్చింది.

మూడింటికి పెరడంతా మోకరిల్లింది. లైట్లు ఆరిపోయాయి, జనరేటరు ఆగింది, అద్దె మాత్రం నడుస్తూనే ఉంది. నెరెయిదా ఒక కంట కొడుకుని చూసింది. వాడు గడియారం వైపు చూడలేదు.

సాయంత్రం వెలుతురు పోయేలోపు చివరి షాటు అయిపోయింది. కూలి ఇచ్చేశాక కూడా డబ్బు మిగిలింది. అది విల్టన్ రెండుసార్లు లెక్కపెట్టి, నమ్మలేక రాదామెస్ చేత మరోసారి లెక్కపెట్టించాడు.

సినిమా గడువుకి ముందే కంపెనీకి చేరింది. చూసినవాళ్ళు మార్పులేమీ అడగలేదు. ఎనభై లక్షలూ పడ్డాయి. విడుదలైన వారంలో దేశంలో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది ఆ సినిమానే. విల్టన్ బ్యాంకులో ఇక మామూలుగా పని చేసుకోలేకపోయాడు. వరసలో నిలబడ్డవాళ్ళు కౌంటరు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "నా ఖాతాలో ఎంతుంది సారూ" అని గుసగుసగా అడగడం మొదలుపెట్టారు. మేనేజరు కూడా.

ఆ ఆదివారం పొద్దుగుంకగానే వీధిలో తెర కట్టారు. కుర్చీలు ఎవరివి వాళ్ళు తెచ్చుకున్నారు. అన్నాచెల్లెళ్ళు ముందే వచ్చి తల్లికి చెరోపక్కా కూర్చున్నారు. సహకార సంఘం నుంచి విడిపించిన ఇంటి కాగితాలు విల్టన్ ఆమె ఒళ్ళో పెట్టాడు.

"రెండో సినిమాకి సగం డబ్బు ముందే ఇస్తామంటున్నారమ్మా" అంది యుడెల్కా. "ఇల్లు ఎవరూ ముట్టుకోరు."

"నా వేషానికి ఎంతిస్తావు?" అన్నాడు విల్టన్.

"అన్నవి కదా అని తగ్గించుకుంటావనుకున్నా."

"అన్ననే. ఉచితంగా చేసేంత దగ్గర చుట్టం కాదు."

తెర మీద పెళ్ళి సీను వచ్చింది. కుర్చీ తన్నబోయి, ఆగి, రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టే తనని తాను చూసుకుని విల్టన్ నవ్వాడు. ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని, చివరికి తల వెనక్కి వాల్చి వీధంతా వినబడేలా. వాడి వెనక వీధి మొత్తం పగలబడి నవ్వింది, ఆడవాళ్ళు కుర్చీలు చరిచారు, దోన్యా ఒర్ఫెలీనా తన ముఖం తెర మీద కనబడగానే లేచి నిలబడి అందరికీ చెయ్యి ఊపింది.

నెరెయిదా తెర చూడటం మానేసింది. మొగుడు పోయాక ఆ నవ్వు ఈ ఇంట్లో వినబడలేదు. ఇరవై రెండేళ్ళ పిల్లాడు ఆ రోజు మింగేసిన నవ్వు అది, ఇన్నేళ్ళకు బయటికి వచ్చింది. ఆమె ఒళ్ళోంచి ఇంటి కాగితాలు జారి కింద పడ్డాయి. వంగి తీయబోయిన కొడుకు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ నాన్నా, ఎక్కడికీ పోవు" అంది, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "ముందు నువ్వు నవ్వు."