మూకుడులో తీపి

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటేడు, రాజోలు దిగువన ఏటి ఒడ్డు పల్లెలో ఓ ఉదయం గంగాదేవి పులుసు కుతకుతమనే చప్పుడు వింటూ మురిసిపోతోంది. కాపురానికొచ్చి నాలుగు నెలలు. మొగుడు లోవరాజు పడవ మీద కోరంగి వెళ్లాడు. ఆమె చేతి చేపల పులుసంటే మావగారు నూకయ్యకి ప్రాణం.

“బెల్లం లేకుండా ఇంత తీపి ఎలా వస్తాదే, తల్లీ!” అంటూ ఆడవాళ్లకి అడుగు కూడా మిగల్చడు. ఆ మాటకి గంగాదేవి రోజంతా గాలిలో తేలుతుంది.

అటువంటి మనిషి నెల్లాళ్లుగా కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. ఇవాళ వల విసరబోతే కుడి మణికట్టు వాడిన తమలపాకులా వాలిపోయింది. వల కాళ్ల మీదే పడింది.

అత్తగారు అప్పలమ్మ వంటింట్లోకి దూసుకొచ్చింది.

“ఏం కలిపేవే పులుసులో? పుట్టింటోళ్లిచ్చిన మందా?”

“అయ్యో! చింతపండూ ఉప్పూ కారమేనండి అత్తయ్యా!”

“మరి తీపెక్కడిది? ముప్పయ్యేళ్లు వండేను, నాకు రాలేదేం? లోవరాజు రానీ, నిన్ను పుట్టింటికి పడవెక్కించేస్తాను!”

గంగాదేవి పొయ్యి వైపు తిరిగింది. నిజమే, ఎక్కడిది? పుట్టింట్లో తన పులుసు మరీ పుల్లనని అందరూ మొహం చిట్లించేవారు. చూపు పొయ్యి మీది ఇనప మూకుడు మీద ఆగింది. వచ్చిన రోజే కుండ పగలగొట్టిందని అత్త విసురుగా చేతికిచ్చిన మూకుడు. వల మునగడానికి అంచున కట్టే గుళ్లకి నూకయ్య సీసం కరిగించేదీ అందులోనే.

ఒకే చింతపండు రసం సగం కుండలో, సగం మూకుడులో కాచింది.

“రెండూ నాలిక్కి రాసుకుని ఉమ్మెయ్యండి, అత్తయ్యా.”

కుండలోది పళ్లు జివ్వుమనిపించింది. మూకుడులోది తియ్యగా ఉంది.

“ఇనుము తియ్యగా ఉంటుందాండీ? ఆ తీపి అడుగున అంటుకున్న సీసానిది. నా చేతిది కాదు.” ఆ చివరి మాట అంటూ గంగాదేవి మూకుడు పొయ్యి మీంచి దించేసింది. “మావయ్యగారు గుళ్లు కూడా పళ్లతోనే నొక్కుతారు. ఆ కడుపునొప్పీ, చెయ్యి వాలడమూ ఈ సీసం వల్లేనండి. వండింది నేనే, ఏమన్నా పడతాను. మూకుడు మాత్రం ఇక పొయ్యెక్కించనండి.”

అప్పలమ్మ గోడకి జారగిలబడింది. “కుండకోసం కోపమొచ్చి... ఇచ్చింది నేను కదే!”

మధ్యాహ్నం కుండలో పులుసు కాగింది. చెయ్యి లేవని నూకయ్యకి అప్పలమ్మ ముద్ద పెట్టింది.

“అబ్బ, పులుపు!” అన్నాడతను. “చెయ్యి మళ్లీ లేస్తాదంటావా, కోడలా?”

గంగాదేవి అతని ముందు మంచినీళ్లు పెట్టింది. అప్పలమ్మ రెండో ముద్ద ఆమె నోటికి అందించింది.

“బాగా పుల్లగా ఉందండి అత్తయ్యా,” అంది గంగాదేవి, కన్నీళ్లు మింగుతూ.

“ఉండనీవే. ఇది నీ చేతిదే.”