ముక్కూ మొహం తెలియని పిల్ల

పిల్లలూ, మీరు వినని కథ ఒకటి మన ఇంట్లో ఉంది. మా పిన్ని కథ. చెప్పాలా వద్దా అని ఇన్నాళ్లూ తటపటాయించాను. ఈ మధ్య మీరూ అద్దం ముందు ముక్కు నొక్కి చూసుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాను.

పిన్ని కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. పొద్దస్తమానం ఎవరెవరి ముక్కుల మీదో జోళ్లు సర్దడం, ఇంటికెళ్లి తన ముక్కు చూసుకుని నిట్టూర్చడం. కొస గోలీలా గుండ్రంగా ఉండేది. ఆ ఇంట్లో అందరిదీ అదే ముక్కు. వాళ్ల అమ్మమ్మకి చూపు లేదు, బతికున్నన్నాళ్లూ ఆ కొస తడిమే మనవరాళ్లని గుర్తుపట్టేది.

ముక్కు మార్పించుకుందామని వెళితే డాక్టరు రెండు దారులు చెప్పాడు. సూదితో జెల్ నింపితే కత్తితో పనిలేదు, ఏడాదికి అదే కరిగిపోతుంది. కానీ మొదట్లో మెత్తగా ఉంటుంది, ఎవరూ నొక్కకూడదు. ఆపరేషన్ అయితే చెవి దగ్గరి మెత్తటి ఎముక కాస్త తీసి కొసకు ఆసరాగా కుట్టేస్తారు. ఇక అంతే, వెనక్కి రాదు.

పిన్ని సూది వేయించుకుంది. కొస సంపెంగ మొగ్గలా తేలింది.

"ఉన్న ముక్కుకేం వచ్చిందే? ఊపిరాడటం లేదా?" అని వాళ్లమ్మ మూతి ముడిచింది.

మర్నాడు మధ్యాహ్నం నిద్ర లేచేసరికి కొస అణిగిపోయి ఉంది.

"నువ్వే నొక్కావు కదమ్మా?"

"నీ ముక్కు జోలికి నేనెందుకొస్తానే? నాకేం పనిలేదా?"

పిన్ని నమ్మలేదు. గడియ వేసుకుని పడుకుంది. తెర వేసిన గదిలో మసక. పెట్టెలో మగ్గిన పాత బట్టల వాసన... మంచం ఓ పక్కకి వంగింది. చల్లటి వేలు నుదుటి మీంచి జారింది. కొస దగ్గర ఆగింది. నొక్కింది.

కళ్లు తెరిస్తే ఎవరూ లేరు. గడియ వేసినట్టే ఉంది.

అనుమానం పెనుభూతం. బయటినుంచి గడియ తీసే కిటుకేదో తల్లికి తెలుసనే అనుకుంది. "ఎవరు నొక్కినా అణగని ముక్కుతోనే వస్తాను" అని ఇల్లు వదిలి, జెల్ కరిగించుకుని, కొన్నాళ్లాగి ఆపరేషన్ చేయించుకుంది.

ఆసుపత్రి మంచం. ముక్కు మీద పట్టీ. వాపుతో మూసుకుపోయిన కళ్లు. మళ్లీ అదే వాసన... వేలు వచ్చింది. పట్టీ మీద వెతికింది. మళ్లీ వెతికింది.

"ఎవరమ్మా నువ్వు?" గుసగుస. చనిపోయిన అమ్మమ్మ గొంతే.

నేనే అమ్మమ్మా అందామనుకుంది. చెబితే మళ్లీ నొక్కుతుంది. పళ్లు బిగబట్టింది.

"మా పిల్ల కాదు..."

వేలు వెళ్లిపోయింది.

పట్టీ విప్పితే కోరుకున్న ముక్కే. ఇక అమ్మతో రాజీపడదామని, మిట్టమధ్యాహ్నం వెళ్లి తలుపు తట్టింది. తల్లి తలుపు తీసి ఎగాదిగా చూసింది.

"ఎవరు కావాలమ్మా?"

"ఎగతాళి చాల్లే అమ్మా. నేనే."

"ముక్కూ మొహం తెలియని దానివి, అమ్మా అంటావేంటి? మెల్లగా మాట్లాడు. మా అమ్మాయి పడుకుంది."

లోపల మంచం కిర్రుమంది. అచ్చం పిన్ని గొంతే, నిద్రమత్తుగా...

"ఎవరమ్మా వచ్చింది?"

ఈ కథ నాకు చెప్పింది పిన్నే. ఏ పిన్నో అడిగే ధైర్యం చాల్లేదు.

మీ పిల్లలకీ చెప్పండి. గుమ్మంలో "నేనే" అన్నవాళ్లని మొహం చూసి తిప్పి పంపకండి. ముందు, లోపల పడుకున్నది ఎవరో చూసి రండి.