ఒటేల్ మోర్వాన్‌లో చివరి సీసా

రెండో సాక్షి కూడా చచ్చాడు. పారిస్ నడిబొడ్డున, టాక్సీ దిగుతూ, మెడలో సన్నటి సూదితో.

"ఇక మిగిలింది ఒదిల్ ఫ్రెనే ఒక్కతే," అన్నాడు కల్నల్ రువో. "మనం వెతికే ముఠా రాతల కోడ్ విప్పగలిగేది ఆవిడే. రేపు మధ్యాహ్నం భోజనం కాగానే జడ్జి ముందు విప్పుతుంది. మన ఆఫీసులో ముఠాకు అమ్ముడుపోయింది ఎవరో అప్పుడు తేలుతుంది. బాస్తియాన్, ఆ ఇద్దరూ నీ కాపలాలోనే పోయారు. ఈవిడా పోతే నాకు మొహం చూపించకు."

బాస్తియాన్ తలూపాడు.

భోజనం ఒటేల్ మోర్వాన్ అనే పాతకాలపు పెద్ద హోటల్లో. జనం మధ్యనుంటేనే క్షేమమని ఆ ఏర్పాటు చేసింది అతని తోటి ఏజెంట్ సొలాంజ్. ఆమెది కౌంటెస్ వేషం, ఒదిల్‌కు విందు ఇస్తున్న జమీందారిణిలా. బాస్తియాన్‌ది వైన్ వడ్డించే సొమెలియే వేషం. మెడలో గొలుసుకు వేలాడే వెండి గిన్నె అతని ఆయుధం. విషం తగిలితే దాని అడుగున ల్యాబ్ వాళ్ళు పూసిన మందు నల్లబడుతుంది.

మోర్వాన్ భోజనశాలలో గొంతు పెంచినవాళ్ళు లేరు. రాజులు కూడా అక్కడ మెల్లగానే మాట్లాడేవారట. సొలాంజ్ ముందే చెప్పి ఉంచిన వైన్ సీసాను హోటల్ డైరెక్టర్ దెల్పుయి స్వయంగా తెచ్చాడు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

"పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిది నాటిది మదాం. మా తాత, యుద్ధంలో జర్మన్లు వచ్చినప్పుడు గోడ కట్టి దాచాడు. ఇదే ఆఖరుది."

బాస్తియాన్ కార్కు తీశాడు. ఆ ఇంటి ఆచారం ప్రకారం ముందు తన గిన్నెలో చుక్క పోసుకున్నాడు.

గిన్నె అడుగు బొగ్గులా నల్లబడింది.

అతను తలెత్తాడు. సొలాంజ్ నవ్వుతోంది. ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది. కుడి చెయ్యి కనపడలేదు.

"చేతులు బల్ల మీద!" అని తల్లి చేత తిట్లు తినని పిల్ల ఫ్రాన్స్‌లో ఉండదు. కౌంటెస్ అయితే మరీనూ. ఆ చెయ్యి బల్ల కింద ఏం చేస్తోంది?

"పొయ్యవోయ్," అంది సొలాంజ్ మెత్తగా. "ముందు మా అతిథికి. ఆవిడకి ఆకలిగా ఉంది, కడుపులో ఇంకేమీ పడకముందే కానియ్."

ఆఫీసులో అమ్ముడుపోయింది సొలాంజే. ఇన్నేళ్ళూ తన పక్కనే కూర్చుని కాఫీ తాగిన మనిషి! పోస్తే విషం, అరిస్తే తూటా. ఒదిల్ మాత్రం రొట్టె తుంచుకుంటూ, "ఎండ బాగుంది కదూ?" అంటోంది.

దారి ఒక్కటే తోచింది. సొమెలియే కాదన్న సీసా ఏ పెద్ద హోటల్లోనూ బల్ల మీద నిలవదు. ఎందుకని అడిగేవారూ ఉండరు.

"క్షమించాలి మదాం. కార్కు చెడి, వైన్‌కు కార్కు కంపు పట్టింది. వెనక్కి తీసుకుపోతాను."

సొలాంజ్ కళ్ళు చిన్నవయ్యాయి. గప్‌చుప్‌గా పని ముగించి లేచిపోవాలని ఆమె లెక్క. తుపాకి తీయడం ఆఖరి మాట.

సీసా పట్టుకుని బాస్తియాన్ అడుగు వేశాడో లేదో, డైరెక్టర్ దెల్పుయి అడ్డం వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"కార్కు కంపా? మా తాత సీసాకా? ఎవరయ్యా నువ్వు, నిన్న సిఫార్సు మీద చేరి!"

"మొస్యూ, లోపల మాట్లాడదాం..."

"లోపలేంటి? అతిథుల ముందు అన్నావు, అతిథుల ముందే తేలాలి!" సీసా లాక్కుని గ్లాసులో వంచేశాడు.

"తాగకండి! మీ కాళ్ళు పట్టుకుంటా..."

"నువ్వు నాకు నేర్పుతావా? మా ఇంట్లో పాలకన్నా ముందు ఇదే పట్టారు నాకు!"

"తాగనీ పాపం," అంది సొలాంజ్. "ఇంటి పరువు కదా."

గ్లాసు డైరెక్టర్ పెదవికి తాకింది.

బాస్తియాన్ ఇక ఆలోచించలేదు. గిన్నె గొలుసు తెంపి గ్లాసుకేసి విసిరాడు. అదే ఊపులో బల్ల అంచు పట్టి సొలాంజ్ మీదికి ఎత్తేశాడు. గ్లాసు పగిలింది. బల్ల కింద తుపాకి పేలింది. తూటా కప్పుకు వేలాడే షాండ్లియర్‌లో దిగి గాజుముక్కల వాన కురిసింది. తుపాకి మళ్ళీ ఎత్తేలోగా సొలాంజ్ మణికట్టు అతని బూటు కింద ఉంది.

"ఎందుకు సొలాంజ్?"

"నువ్వు ఆలస్యంగా అడుగుతావు, బాస్తియాన్. ఎప్పుడూ అంతే."

ఒదిల్ నేల మీద కూర్చుని, చేతిలో రొట్టెముక్కతోనే ఏడుస్తోంది. బతికే ఉంది. బాస్తియాన్ కూడా ఆమె పక్కన కూలబడ్డాడు.

సాయంత్రానికి కోడ్ విప్పడమూ అయింది, ముఠా దొరకడమూ అయింది. కల్నల్ ఆఫీసులో ఉన్న బాస్తియాన్ దగ్గరికి డైరెక్టర్ దెల్పుయి టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ప్రాణం కాపాడారు మొస్యూ. జన్మలో మరవను. ల్యాబ్ రిపోర్టు వచ్చిందటగా?"

"వచ్చింది. ఏనుగును పడగొట్టే విషం. కార్కులోంచి సన్నటి సూదితో ఎక్కించారు."

"అది సరే లెండి," అన్నాడు దెల్పుయి గొంతు తగ్గించి. "కార్కు కంపు మాత్రం లేదని ఒక ముక్క రాసి, సంతకం పెట్టిస్తారా?"