మూడో జాడీ

రేడియోలో వార్తలు చదివే ఆయనకు ఒకటే గొంతు. మినుముల ధర చెప్పినా, బంగాళాఖాతంలో వాయుగుండం గురించి చెప్పినా అందులో తేడా ఉండదు. అందుకే కాబోలు, రెండు రోజులుగా ఆయన తుఫాను తుఫాను అంటున్నా రావమ్మ లెక్కచేసినట్టు కనిపించలేదు. ఆ పొద్దున కూడా వాకిట్లో కూర్చుని, రెండు జాడీల్లో మూడోనాటి ఆవకాయ తిరగ కలుపుతూ, "ఆయనకేం, బెజవాడలో కూర్చుని ఎన్నయినా చెబుతాడు" అంది.

ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాదిన్నర. చల్లపల్లికి దిగువన, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఊరు అది. కాస్త గాలి లేస్తే చాలు, జనం పనులు ఆపి ఆకాశం వంక చూస్తారు. రావమ్మ ఒక్కతే ఎటూ చూడకుండా తన జాడీల సంగతి తను చూసుకుంటోంది. ముందురోజు సాయంత్రం మూడో జాడీకి కూడా వాసెన కట్టి, గుడ్డ మీద మైనం కరిగించి పోసి, గది మూలన పెట్టింది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పింది. ఆ ఇంట్లో ఆవకాయ జాడీ మీద అత్తగారి చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడకూడదు. పెళ్ళయి మూడేళ్ళయినా కోడలు ఛాయాదేవికి ఆ అధికారం రాలేదు.

ఛాయాదేవికి మాత్రం జాడీల మీద ధ్యాస లేదు. వచ్చే బుధవారం బందరులో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ట్రైనింగు అయిన నాలుగేళ్ళకు వచ్చిన మొదటి పిలుపు. ఏడాది పిల్లను వదిలి కోడలు రోజూ బస్సెక్కడం రావమ్మకు సుతరామూ ఇష్టం లేదు. ఆ మాట నేరుగా అనదు. పిల్ల ఏడ్చినప్పుడల్లా, "ఏడవకే తల్లీ, బుధవారం నుంచి అలవాటు చేసుకోవాలిగా" అని పిల్లతో అంటుంది.

పది గంటలకు ఛాయాదేవి భర్త కోటేశ్వరరావు రిక్షాకు మైకు కట్టుకుని బయలుదేరాడు. ఉప్పెన తరవాత ఊళ్లో పెట్టిన తుఫాను కమిటీలో అతనూ ఒకడు. పశువుల పలుపులు విప్పెయ్యాలి, కాగితాలూ అగ్గిపెట్టెలూ అటుకులూ మూటకట్టుకోవాలి, మధ్యాహ్నానికల్లా అందరూ మిషను బడి మేడకు చేరాలి. ఇవన్నీ ఊరంతా తిరిగి చెప్పి, తన గుమ్మం ముందుకొచ్చేసరికి అమ్మ ఇంకా ఆవకాయ కలుపుతూనే ఉంది. "అమ్మా, ఊరికంతా చెప్పి మన ఇల్లు కదలకపోతే జనం నవ్వుతారే" అని బతిమాలాడు. కాయ కలపడం సగంలో ఆపితే బూజు పడుతుందని ఆవిడ జవాబు.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పెట్టె మూత దభాలున పడిన చప్పుడైంది. ఛాయాదేవి పాలిపోయిన ముఖంతో బయటికొచ్చింది. పెట్టె అడుగున పెట్టిన సర్టిఫికెట్లు లేవు. చీరలన్నీ దులిపింది, దూలాల మీద చూసింది, బియ్యం డ్రమ్ము వెనకా చూసింది. ఎక్కడా లేవు. అవి లేకుండా బందరు వెళ్ళీ లాభం లేదు. మళ్ళీ తెచ్చుకోవాలంటే ఎన్ని నెలలు పడుతుందో, ఈలోగా ఆ ఉద్యోగం ఎవరికి పోతుందో.

వీధిలో ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రక్కు నిండా జనం. అందరూ ఎక్కమని కేకలేస్తుంటే రావమ్మ మూడో జాడీని చంకనెత్తుకుని వచ్చింది. కలిపిన ఆవకాయ జాడీలు రెండూ అక్కడే ఉన్నాయి. మనుషులకే చోటు లేదని డ్రైవరు విసుక్కున్నాడు. ఈ జాడీ లేకుండా కదలనని ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

ఛాయాదేవికి ఇక ఓపిక లేకపోయింది. "నా సర్టిఫికెట్లు ఏం చేశారత్తయ్యా?" అంది.

రావమ్మ జాడీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"మీరే తీశారు. నేను ఉద్యోగానికి పోవడం మీకు గిట్టదు. మీకు పచ్చడి ముఖ్యంగానీ నా బతుకు కాదు."

ట్రక్కులో ఉన్నవాళ్ళంతా విన్నారు. రావమ్మ ముఖం కందిపోయింది. ఎదురింటి శౌరమ్మ గబగబా దిగి, జాడీ తన ఒళ్ళో పెట్టుకుంటానని చెప్పి అందుకుంది. అలా బయలుదేరారు. అత్త ఒక మూల, కోడలు ఒక మూల, మధ్యలో శౌరమ్మ ఒళ్ళో జాడీ.

ఆ రాత్రి గాలి బడి కిటికీల్ని ఊపి వదిలిపెట్టింది. తెల్లారేసరికి తుఫాను దక్షిణానికి మళ్ళిందని కబురొచ్చింది. వాన జల్లు మాత్రం విడవలేదు. ఊళ్లో కప్పులు లేచిపోయాయట గానీ ప్రాణాలకేమీ కాలేదు. మేడ మీద రెండువందల మందికి ప్రాణం లేచొచ్చి, వెంటనే ఆకలీ తెలిసింది. శౌరమ్మ గంజి కాయడానికి పొయ్యి పెట్టింది. తీరా చూస్తే ఒక్క అగ్గిపుల్లా వెలగడం లేదు. ఎవరి మూటలో పెట్టె తీసినా మెత్తబడి ఉంది. మైకులో అంత చెప్పిన కోటేశ్వరరావు జేబులో పెట్టె కూడా తడిసింది. అందరూ అతన్ని ఆటపట్టించారు.

అప్పుడు రావమ్మ నిన్నటి నుంచి మొదటిసారి నోరు విప్పింది. "ఛాయా, ఆ జాడీ వాసెన విప్పు."

"నేనా?"

"నువ్వే. చెయ్యి తుడుచుకుని విప్పు."

ఛాయాదేవి పంటితో ముడి లాగి, మూత తీసింది. ఆవపిండీ నూనే కలిసిన వాసన వచ్చింది గానీ లోపల కాయ లేదు. పైన నాలుగు అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. వాటి కింద పాప జ్వరం మాత్రలు, పొలం కాగితాలు, రేషను కార్డు. అన్నిటికన్నా అడుగున, పాత పంచె ముక్కలో నాలుగు మడతలు చుట్టి తన సర్టిఫికెట్లు. ఒక్క చుక్క తడి లేదు.

శౌరమ్మ అగ్గిపెట్టె అందుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. ఛాయాదేవి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అత్తగారి వంక చూసింది.

"నువ్వన్నది నిజమే" అంది రావమ్మ తలెత్తకుండా. "తీసింది నేనే. నువ్వు వెళ్ళకూడదనే తీశాను. మూడు రోజులు నా చీరల కింద దాచా. రేడియో విన్నాక మనసాగలేదు. ఉప్పెనకి మన పెట్టె దొరికింది గానీ కాగితాలన్నీ ముద్దైపోయాయి. మీ మావయ్య ఫొటో ఒక్కటుంటే అదీ పోయింది. నీ సర్టిఫికెట్లు అప్పుడు మీ పుట్టింట్లో ఉండబట్టి మిగిలాయి. బురదలో ఆవకాయ జాడీ దొరికితే మాత్రం, వాసెన విప్పి చూస్తే కాయ కాయలాగే ఉంది. అప్పట్నుంచీ నాకు జాడీ మీదే నమ్మకం. నీ కష్టం నీళ్ళపాలు కాకూడదని అందులో పెట్టా. అందరి ముందూ అడిగేసరికి చెప్పడానికి మొహం చెల్లలేదే."

ఛాయాదేవికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ వెనకే ఏడుపు, ఏడుపు వెనకే నవ్వు వచ్చాయి. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినే ఆవకాయను గాలికీ వానకూ వదిలేసి, ఈ కాగితాలను కడుపుకు హత్తుకుని వచ్చిన మనిషిని పట్టుకుని తను ఎంత మాటంది. "పచ్చడి ముఖ్యమన్నాను, క్షమించండత్తయ్యా" అంటూ ఆవిడ భుజం మీద తల ఆనించి కళ్ళు తుడుచుకుంది. రావమ్మ పమిట చెంగుతో తనూ కళ్ళు ఒత్తుకుంది. "బుధవారం నేనూ వస్తాను. పాపని ఎవరెత్తుకుంటారు మరి" అంది.

బుధవారం బందరులో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ప్రశ్నలడిగారు. నడిమి ఆయన సర్టిఫికెట్టు అందుకుని, ఒక్క క్షణం ఆగి, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఛాయాదేవి జాడీ సంగతంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఉప్పెనలో తన చదువు కాగితాలన్నీ పోయాయని, ఇవాళే వెళ్ళి ఇంట్లో ఒక జాడీ ఖాళీ చేయిస్తానని చెప్పాడు.

వసారాలో రావమ్మ నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. కోడల్ని చూడగానే ఆగింది.

"ఏమడిగారు?"

"ఈ వాసనేమిటని అడిగారు. మా అత్తయ్య జాడీదని చెప్పాను."

రావమ్మ ముఖం విప్పారింది. అది దాచుకోవడానికి పాప తలగుడ్డ సర్దింది. "సర్లే. వచ్చే ఏడాదికి ఇంకో జాడీ కావాలి. అది నీ మొదటి జీతంతో నువ్వే కొను. ఆవకాయ కూడా నువ్వే కలుపుదువుగాని."