రుక్కమ్మ గోడ

కొండాపూర్‌లో, కొత్తగా లేస్తున్న అద్దాల మేడలకు ఇసుకా ఇనుమూ మోసుకొనిపోయే లారీల దారి వెనుక, సున్నపు గోడల పాతయిల్లొకటి ఉండేది. పొద్దు క్రుంకితే ఆ సందులో ఎవరూ అడుగు పెట్టేవారు కారు. ఆ యింటి గోడ ఏడుస్తుందని కొందరు, చెమటలు కక్కుతుందని కొందరు... చచ్చిన రుక్కమ్మ దాహం తీరక గోడలో తిరుగుతున్నదని మరికొందరు.

ఆ యింట అద్దెకున్న భీమేశ్వరరావు గారి నోట నేను విన్న వృత్తాంతమిది. ఆయన కాకినాడవైపు వారు, నీటిపారుదల శాఖలో ఉద్యోగి. ఉన్నమాటకు రంగులు పూసే స్వభావం కాదు.

తొంభై ఎనిమిదవ సంవత్సరం. ఆ యిల్లు రెండు వాటాలు, నడుమ ఒక్కటే గోడ. ఆవలివైపు యజమాని లింగమూర్తి, అతని తల్లి రుక్కమ్మ. ఈవలివైపు, ఒక గదిలోనూ ఒక వంటింటిలోనూ, భీమేశ్వరరావు గారు, భార్య భ్రమరాంబ, మూడేండ్ల కూతురు రసజ్ఞ. రుక్కమ్మకు ఆ పాప అంటే ప్రాణం. అరుగుమీద కూర్చోబెట్టుకొని పెరుగన్నం తినిపిస్తూ, ముద్దముద్దకూ "సాలా బిడ్డా?" అని అడిగేది. పాప తల అడ్డంగా ఊపి నోరు తెరిచేది.

ఆషాఢంలో రుక్కమ్మ కన్నుమూసింది. చెడు నక్షత్రమన్నారు. ఆరు నెలలు ఆ వాటా మనుషులు లేకుండా పాడుపెట్టాలన్నారు. లింగమూర్తి తాళం వేసి మూసాపేటకు మారిపోయాడు. అద్దెకున్నవారికి దోషం అంటదని పురోహితుడు సెలవిచ్చాడట!

శ్రావణంలో మొదలైంది...

మొదట వాసన. తడిసిన కంబళిలో చచ్చిన ఎలుకను చుట్టి దాచినట్టి వాసన. పిమ్మట, పాప పడుకునే మంచం తలాపున, నేలనంటి ఒక పచ్చని మరక. అది నానాటికీ పైకి ప్రాకింది. నడుము... వంగిన వీపు... తల. ముసలిది గోడవైపు తిరిగి కూర్చున్నట్టే! సున్నం పొక్కులెత్తేది, పొక్కులు చిట్లేవి, చిట్లినచోట చీమువంటి జిగట కారేది. తాకితే గోళ్ళలో నల్లని మడ్డి. ఎంత తోముకున్నా, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఆ కంపే ముందు తగిలేది.

వెల్ల వేయించారు. మరక వెల్లను మింగింది. సిమెంటు పూయించారు. అది మరీ ఘోరం. ఆరే దారి లేక, తడి ఆ పూత పైయంచు దాటి మూరెడు మీదికెక్కింది. అంచు పొడవునా ఉప్పు తెల్లగా నూగుకట్టింది... అచ్చం నెరిసిన జుట్టు.

"కాలువలకు గట్లు కట్టించే వారు... ఒక్క గోడను ఆపలేకపోయారండీ!" అన్నది భ్రమరాంబ. మాట ఎత్తిపొడుపే, గొంతులో ఏడుపు.

పాపకు ఊపిరితో పాటు పిల్లికూతలు వస్తున్నవి మరి. పక్కింటి రూతమ్మ, దవాఖానలో నర్సు, పాప వీపున చెవి ఆనించి విని గుసగుసగా చెప్పింది:

"దెయ్యమో గియ్యమో నాకెర్క లేదు సార్. ఈ బూజుగాలి పీలిస్తే పిల్ల చలికాలం దాటది. ఇల్లన్నా మారుండ్రి, గోడన్నా ఆరబెట్టుండ్రి."

ఇల్లెక్కడ దొరుకుతుంది? కొత్త కంపెనీల కుర్రవాళ్ళు కోళ్ళగూడు ఖాళీ అయినా అద్దెకు దిగుతున్న రోజులవి.

కార్తీకం వచ్చింది. ఒక సాయంకాలం భీమేశ్వరరావు గారు మరకను తుడిచి, అద్దపు ముక్కనొకదానిని దానిపై అదిమి, అంచుల చుట్టూ మైనం మెత్తారు. మరునాడు చూస్తే గదివైపు ముఖం పొడి. గోడవైపు ముఖాన నీటి బొట్లు! గది గాలిలోని తేమ కాదన్నమాట. నేలతడి అయితే నాలుగు గోడలూ తడవాలి. తక్కిన మూడూ ఎండిపోయి ఉన్నవి.

ఆయన గోడకు చెవి ఆనించారు. చల్లని జిగట చెంపకంటింది. అయినా విన్నారు...

టప్... టప్...

నడుమ నడుమ, గొంతెండినవారు గుటకవేసినట్టు ఒక బొంగురు ధ్వని.

ఆ దినమే మూసాపేట వెళ్ళారు.

"ఇంక రెండు నెలలున్నది సార్," అన్నాడు లింగమూర్తి. "గడువు నడుమ తలుపు తీస్తే ఇంకో పాణం పోతదట."

"తీయకపోతే మా పిల్ల పోతుందండీ."

లింగమూర్తి లోపలికి పోయి తాళంచెవి తెచ్చాడు.

వారు చేరేసరికి చీకటి పడింది. తలుపు ఉబ్బి రాలేదు. భుజాలతో నెట్టారు. లోపలి గాలి ముఖాన కొట్టగానే లింగమూర్తి పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

టార్చి వెలుగులో నేలంతా నీరు, దానిమీద మీగడవలె పచ్చని తెట్టె. రుక్కమ్మ పరుపుమీద పుట్టగొడుగులు, వాటి కాళ్ళ చుట్టూ తెల్లని పురుగులు. నడుమగోడకు ఆనించి, స్నానాల మూలలో, ఒక కుండ... దాని మీద నల్లా... తెగని నీటి బొట్లు. కుండలోనుండి ఆ గుటక!

ఒక గోదురుకప్ప. వెలుగు పడగానే ఎగిరి లింగమూర్తి పాదంమీద పడింది.

"నీళ్ళు పోయే ఈ తూములో గుడ్డలెవరు కుక్కారండీ?" అని అడిగారు భీమేశ్వరరావు గారు.

"నేనే సార్. తాళమేసినంక పాములు జొరబడొద్దని."

"మరి నల్లా?"

లింగమూర్తి కుండవైపు చూశాడు.

"అమ్మ నీళ్ళు నీళ్ళనుకుంటనే పోయింది సార్. ఆ దినం నల్లా ఎండిపోయి ఉండె. నేను బిందె నింపుకొని వచ్చేటాళ్లకు... పోయినోళ్ళ కాడ దినాం ముంతల నీళ్ళు మార్చాలె గద. తాళమేస్తే ఎవరు మారుస్తరు? అందుకే జరంత ఇడిచిపెట్టిన."

భీమేశ్వరరావు గారు తలెత్తి కప్పువైపు చూశారు. రెండు వాటాలకూ మిద్దెమీద ఒక్కటే తొట్టి. ప్రతి ఉదయమూ మోటారు వేసి దానిని నింపుతున్నది తామే.

లింగమూర్తి ఆ రొచ్చులో మోకాళ్ళమీద కూలబడ్డాడు. చెయ్యి నల్లామీద వేశాడు. త్రిప్పలేకపోయాడు. గోడవైపు చూసి అడిగాడు:

"సాలా అమ్మా?"

టప్... టప్...

"సాలు బిడ్డా."

గోడకావలి నుండి... సన్నగా, నిద్రమత్తుతో. లింగమూర్తి భోరుమని ఏడుస్తూ నల్లా కట్టేశాడు. పాప నిద్రలో పలవరించిందని, ముసలామె ముద్దమాటను ఆమె యాసలోనే అప్పగించిందని నచ్చజెప్పి, భీమేశ్వరరావు గారు అతని వీపు నిమిరారు.

తూము తెరిచారు. పరుపును తగులబెట్టారు. సిమెంటు పూత చెక్కించి, గోడను వేసవిదాకా ఆరనిచ్చి, తిరిగి సున్నమే పూయించారు. గోడ ఆరుతున్నకొద్దీ పాప కూతలు తగ్గినవి. ఇప్పుడు బడిలో పరుగుపందేలలో ముందుంటుందట.

ఈ కథ ఆయన ముగిస్తుండగా భ్రమరాంబ మాకు మంచినీళ్ళు తెచ్చింది. అది పాప పలవరింతేనన్న భర్త మాట విని, చేతిలోని పళ్ళెం దించకుండానే, మెల్లగా అన్నది:

"అప్పుడు నేను దీపం దగ్గర పెట్టుకొని పాప ముఖమే చూస్తూ కూర్చున్నానండీ. ఆ మాట నేనూ విన్నాను..."

పళ్ళెం దించింది.

"పాప పెదవులు కదలలేదు."