అవతలి గట్టున పసుపు చున్నీ

"రోజారాణి మన మనిషేనా?"

లలితకుమారి ఈ మాట అడగ్గానే పక్కగదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. యాప్రాల్‌లో ఆ ఇల్లు బయటికి బ్లౌజులు కుట్టే దుకాణం. లోపల మాత్రం ఒక ఇంటెలిజెన్స్ సెక్షన్. ఆమె దానికి చీఫ్.

"మన మనిషే మేడమ్. నేనే ట్రెయినింగ్ ఇచ్చాను," అన్నాడు ముర్తుజా.

"అందుకే నిన్ను అడుగుతున్నా."

ఆమె బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. గోపాలరావు, కోళ్ల దాణా ఎగుమతి వ్యాపారి. శామీర్‌పేట చెరువు అవతలి గట్టున అతని ఫామ్‌హౌస్. ఒక టీకాల ల్యాబ్‌లో మాయమైన వైరస్ సీసా అక్కడుంది. దసరా మర్నాడు మధ్యాహ్నం విదేశీ ముఠా ఏజెంట్ ఒకడు వచ్చి దాన్ని పట్టుకుపోతాడు. ఆ సీసా మూత తెరుచుకుంటే పల్లెల్లో గొడ్డూ గోదా మిగలవు.

రోజారాణి రెండేళ్లుగా గోపాలరావు సెక్రటరీ. పట్టుచీరలు, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ఆమె తన కోసం సెక్షన్ మీద నిఘా వేస్తోందని గోపాలరావు నమ్మకం. నిజానికి ఆమె నిఘా అతని మీదే.

"ఐస్ బాక్సులో అసలు సీసా తీసి నకిలీది పెడుతుంది," అంది లలితకుమారి. "పని కాగానే మేడ మీద పసుపు చున్నీ ఆరేస్తుంది. వెనక చెరువు మెట్ల దగ్గర నువ్వు బోటులో ఎక్కించుకోవాలి. వచ్చినవాడు సీసా పరీక్ష చేసేలోపు. చేశాడా, ఆమె ప్రాణాలతో బయటపడదు."

"ముందు గేటు?"

"గేటు బయట పంక్చర్ షాపులో మన టీమ్ ఉంటుంది. వాళ్లకు నా ద్వారా నీ నుంచి ఒకే మెసేజ్. 'నీళ్లు నిండినయ్' అంటే ఆమె మన మనిషి, కాపాడాలి. 'నీళ్లు తగ్గినయ్' అంటే అటు ఫిరాయించింది. కనబడితే కాల్చేస్తారు. మెసేజ్ అందగానే వాళ్ల సెట్లు ఆఫ్ అవుతాయి, ముఠా దగ్గర స్కానర్ ఉంది కాబట్టి. తర్వాత మనసు మార్చుకోవడం కుదరదు."

"రెండోదానితో అవసరం రాదు మేడమ్."

పక్కగదిలో మిషన్ మళ్లీ మొదలైంది.

*

చెరువు ఇవతలి గట్టున ముర్తుజా నెలరోజులుగా మోటారు మేస్త్రీ. గ్రీజు మరకల లుంగీ, చెవి వెనక బీడీ. బోటింగ్ క్లబ్ మూతపడ్డాక ఒక పాత బోటు అక్కడి జాలర్ల సంఘానికి దక్కింది. వెనక బిగించిన మోటారు దానికంటే పాతది. తాడు లాగి స్టార్ట్ చేసే చక్రం ఎప్పుడో విరిగిపోయింది. ఇక తాళంచెవే దిక్కు. ఆ మోటారును అతను దారికి తెచ్చాడు. వారం నుంచి పిలిస్తే పలుకుతోంది.

దసరా పొద్దున రోజారాణి చేపలు కొనే నెపంతో వచ్చింది. బోటు అంచున కూర్చుని బ్యాటరీ పెట్టె మీద చెయ్యి ఆనించింది.

"ఉస్తాద్, ఇది రేపు మొండికెయ్యదు గద?"

"నా చేతులు పడ్డంక మొండికేస్తదా?"

"నీ చేతులు నా మీద గుడ పడ్డయ్. నేను మొండిగ లేనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను కాసేపు గట్టెక్కి చేపలు తూకం వేయించి తెచ్చాడు. ఆ కాసేపూ ఆమె బోటులో ఒంటరిగా ఉంది. ఆ సంగతి అప్పుడు గుర్తుంచుకోదగ్గదిగా అనిపించలేదు. తర్వాత అతను పండక్కి మచ్చబొల్లారంలో ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అవతలి మేడ మీద పసుపు చున్నీ ఎగిరింది.

ముర్తుజా తాళంచెవి తిప్పాడు. మోటారు కదల్లేదు. కనీసం టిక్కుమని కూడా అనలేదు.

గేరు న్యూట్రల్‌లో లేకపోతే ఆ మోటారు తిరగదు. లివర్ ముందుకు తోసి, వెనక్కి లాగి, మధ్యలో నిలిపి మళ్లీ తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. ఫ్యూజు తీసి ఎండలో చూశాడు, బాగానే ఉంది. ఇక మల్టీమీటర్ తీశాడు. సెక్షన్ అతనికిచ్చిన గాడ్జెట్ అది. కరెంటు కొలుస్తుంది, వైర్‌లెస్‌గా పనిచేస్తుంది. ఎర్ర పుల్ల కొన బటన్ నొక్కితే మనిషిని పడగొడుతుంది.

బ్యాటరీ మీద పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. దసరాకి ప్రతి బండికీ ఉండేవే. అతని చూపు అక్కడ ఆగలేదు. దాని సీసం కొమ్ముల నెత్తిన మీటర్ పుల్లలు ఆనించాడు. ముల్లు నిండుగా లేచింది. బ్యాటరీ గట్టిదే. అదే కరెంటు, మోటారును తిప్పే స్టార్టర్ రిలే దగ్గర చూస్తే సున్నా.

అంటే తేడా మధ్యలో ఉన్న కేబుల్లో. కేబుల్ పైకి నున్నగా, కొత్తదిలా ఉంది.

పైతొడుగు చెక్కుచెదరకుండా లోపలి తీగ తెంచే విద్య సెక్షన్‌లో ఇద్దరికే వచ్చు. ఒకడు తను. రెండో మనిషికి తనే నేర్పాడు.

బ్యాటరీ పెట్టె మీద ఆమె చెయ్యి గుర్తొచ్చింది. మొండికెయ్యదు గద అన్న మాట గుర్తొచ్చింది. ఒకటి గుర్తు రాగానే మిగతావన్నీ వచ్చి వరసలో నిలబడ్డాయి. ఇప్పుడు ఆ చున్నీ పిలుపు కాదు. అతన్ని ఈ గట్టున కట్టేసి, అసలు సీసాను ముందు గేటు గుండా దాటించడానికి వేసిన ఎర. అంతా ఎంత చక్కగా అతికిందంటే, బాధకంటే ముందు అతనికి చిన్న సుఖం కలిగింది. తన అనుమానం నిజమైనవాడి సుఖం. ఇరవయ్యేళ్ల ఉద్యోగం అతనికి మిగిల్చిన ఏకైక సుఖం అదే.

మీటర్ అడుగునున్న వైర్‌లెస్ బటన్ నొక్కాడు.

"నీళ్లు తగ్గినయ్."

అటు నుంచి లలితకుమారి గొంతు. "ఖాయమా?"

"ఖాయం."

"టీమ్‌కి పంపుతున్నా. అవుట్."

కత్తి తీసి, తెగిన చోటు కోసం కేబుల్ తొడుగును ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చాడు. లోపల రాగి తీగ నిగనిగలాడుతూ నిండుగా ఉంది. ఎక్కడా తెగలేదు.

"గా వైరెందుకు చీరుతున్నవ్ భాయ్?"

వెనక బక్కయ్య. జాలర్ల సంఘం పెద్ద. భుజాన వల, మొహంలో పండగ మత్తు.

"మోటరు తిరుగుతలేదు."

"ఎట్ల తిరగదు? నిన్న పొద్దుగూకంగ నేనే పూజ జేస్తి. బ్యాటరీ క్లిప్పులు ఇప్పి మంచిగ తుడిసిన, పసుపు రాసిన, బంగారం పెట్టి మల్ల బిగిచ్చిన."

"బంగారమా?"

"జమ్మాకు. దసరాకు గదే బంగారం గద. పైన పెడితే గాలికి పోతదని క్లిప్పు లోపట పెట్టిన. పవరంత ఆడికెంచే వస్తదని నువ్వే జెప్తివి గద, ఆడనే మొక్కాలె మరి."

ముర్తుజా క్లిప్పు ఊడబీకాడు. సీసం కొమ్ము చుట్టూ ఎండిన పసుపు ముద్ద. అందులో ఇమిడి, చదునుగా నొక్కుకుపోయిన జమ్మి ఆకులు. కొమ్ముకూ క్లిప్పుకూ మధ్య లోహం లోహాన్ని తాకే చోటే లేదు. అతను కొమ్ము నెత్తిన కొలిచాడు. క్లిప్పు మీద కొలవలేదు. కొత్తగా పనిలో చేరినవాడు కూడా ముందు అక్కడే చూస్తాడు.

కత్తితో గీకి, క్లిప్పు నొక్కి, తాళంచెవి తిప్పాడు. మోటారు ఒక్కసారికే అందుకుంది.

"జూస్తివా, తల్లి మహిమ," అన్నాడు బక్కయ్య.

ముర్తుజా మీటర్ బటన్ నొక్కాడు. "నీళ్లు నిండినయ్. నీళ్లు నిండినయ్." లలితకుమారి గొంతు నెమ్మదిగా వచ్చింది. "వాళ్ల సెట్లు ఆఫ్ అయ్యాయి ముర్తుజా."

బోటు నీళ్లను చీల్చుకుంటూ పోయింది. నడిచెరువులో ఉండగా చూస్తే మేడ మీద చున్నీ లేదు. మెట్లు చేరువవుతుండగా ముందు గేటు వైపు నుంచి తుపాకీ చప్పుడు వినిపించింది. ఒక్కటే.

మెట్ల మీద నుంచి టై కట్టుకున్న మనిషి, సీసా కోసం వచ్చిన ఏజెంటే, ఐస్ బాక్సు పట్టుకుని పరుగున దిగాడు. బోటును చూసి ప్రాణం లేచొచ్చినట్టు ఎక్కేశాడు.

"జల్దీ కూసోండి సార్," అన్నాడు ముర్తుజా. ఎర్ర పుల్ల కొన అతని మెడకు ఆనించి బటన్ నొక్కాడు. ఆ మీటర్ ఆ రోజు సరిగ్గా చేసిన పని అదొక్కటే.

రోజారాణి గేటు బయట, పంక్చర్ షాపు ముందు పడి ఉంది. పిడికిలికి పసుపు చున్నీ చుట్టుకుంది. అది ఎర్రబడుతోంది. అందులో సీసా పగలకుండా ఉంది. టైర్ల మధ్య నిలబడ్డ టీమ్ లీడర్ తల తిప్పుకున్నాడు. "చేతిలో ఏదో పట్టుకుని నేరుగా మా మీదికే వచ్చింది సార్. మీ మెసేజ్ ప్రకారమే..."

ముర్తుజా ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఉస్తాద్, బోటు ఖరాబైందా?"

"అయ్యింది."

"గదే అనుకున్న. నువ్వు రాకుంట ఉండవ్ గద." ఊపిరి అందక కాసేపు ఆగింది. "వాడు సీసా చూస్తనని లేసిండు. ఇగ ముందలికే ఉరికిన. మనోళ్లున్నరు గద అని."

దారి పొడుగునా అతను చెప్పాలనుకున్న మాట ఒకటుంది. అంబులెన్స్ అల్వాల్ దాటకముందే, ఆ మాట వినాల్సిన మనిషి పోయింది.

*

మూడోరోజు యాప్రాల్‌లో కుట్టుమిషన్ చప్పుడు మధ్య లలితకుమారి ఫైలు మూసింది. వైరస్ దొరికింది, ఏజెంట్ దొరికాడు, గోపాలరావు లోపలున్నాడు. పై నుంచి అభినందనలు వచ్చాయి.

"మిషన్ సక్సెస్," అంది. "బోటు ఎందుకు ఆలస్యమైందో రిపోర్టులో ఒక ముక్క ఉండాలి. ఏం రాయను?"

మోటారులో ప్రతి భాగాన్నీ ముర్తుజా అనుమానించాడు. అనుమానించనిది ఒక్కటే, తన అనుమానాన్ని.

"మోటారు చెడిపోయిందని రాయండి."

"ఇప్పుడెలా ఉంది అది?"

"దివ్యంగా ఉంది మేడమ్. తాళంచెవి తిప్పితే చాలు."