ఆ స్వెటర్ నాది

పొద్దున టీ వచ్చే వేళకి రాగసుధ నుంచి ఒక మెయిల్ రాకపోతే ఆ ఆఫీసులో ఎవరికీ టీ గొంతు దిగేది కాదు.

అది రెండు వేల నాలుగు. మలక్‌పేటలో ఒక మూడంతస్తుల మేడ. అమెరికా డాక్టర్లు చెప్పి పంపిన రికార్డింగులు చెవుల్లో పెట్టుకుని టైపు చేసే కంపెనీ. రోజంతా ఎవరి మోకాలి నొప్పో, ఎవరి గుండెపోటో వింటూ కూర్చునేవాళ్ళకి నవ్వు కూడా ఒక మందే. ఆ మందు వెతికి తెచ్చేది రాగసుధ. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడి వింతలూ ఆమెకే దొరికేవి. గొడుగు పట్టుకున్న కోతి, చెప్పులకి తాళం వేసి గుళ్ళోకి వెళ్ళిన భక్తుడు, పళ్ళు తోమించుకుంటున్న గుర్రం. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వ్యాఖ్య ఒకటి రాసి అందరికీ ఫార్వర్డ్ కొట్టేది.

ఆ గురువారం పంపిన ఫొటోకి ఆఫీసంతా విరగబడి నవ్వింది.

పాత స్కూటరు మీద ముఖానికి మఫ్లరు చుట్టుకున్న మనిషి. అతని కాళ్ళ ముందు నిలబడి, హ్యాండిల్ పక్క నుంచి ముఖం బయటపెట్టి చూస్తున్న గేదె దూడ. దాని నెత్తిన మంకీ టోపీ, ఒంటిమీద ఆకుపచ్చ స్కూలు స్వెటరు. వెనక నయాపూల్ వంతెన. నాలుగేళ్ళ కిందట ఎవరో విదేశీ యాత్రికుడు తీసి తన సైట్‌లో పెట్టుకున్నాడు. మన ఊరి ఫొటో దేశాలన్నీ తిరిగి మళ్ళీ మన ఊరికే వచ్చిందని రాగసుధకి మహా సంబరం. ఊరి యాస ఉండాలని గేదె అనకుండా బర్రె అని రాసింది. 'బర్రె కొడుకుని కాన్వెంట్‌లో చేర్చబోతున్న నాన్న. ఏబీసీడీలు వచ్చేశాయట. క్లాసులో పేడ వెయ్యడం ఒక్కటే మానాలట.'

"చంపేసినవే సుధా!" పక్క సీటు స్వీటీ కళ్ళు తుడుచుకుంది. "మా అన్నకు పంపిన. ఆయన వాళ్ళ బ్యాంకంతా పంపిండంట."

రాగసుధ కళ్ళు మాత్రం కిటికీ పక్క సీటు మీదున్నాయి. అక్కడ నందు నవ్వడం లేదు. తెర వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు.

వాళ్ళ పరిచయం కూడా ఫార్వర్డ్‌తోనే మొదలైంది. 'ఈ మెయిల్ పది మందికి పంపకపోతే అరిష్టం' అన్నదాన్ని ఒకసారి ఆమె పంపితే, అతను అందరికీ కనపడేలా జవాబిచ్చాడు. 'నేను పంపలే. ఇంకా బతికే ఉన్న.' ఆమె మూతి ముడుచుకుంది. అతను రోజూ లంచ్‌లో ఆమె టేబుల్ దగ్గర ఆగి, "ఏమన్నా అరిష్టం అయిందా మేడమ్?" అని అడిగి వెళ్ళేవాడు. చివరికి ఒకరోజు ఆమెకి నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు ఇప్పుడు ఈ ఆదివారం దాకా వచ్చింది. ఆదివారం నందు తండ్రి నర్సింహ, రాగసుధ ఇంటికి సంబంధం మాట్లాడటానికి వస్తున్నాడు. నయాపూల్ దగ్గర ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు అయిన ఆమె తండ్రి శ్రీహరిరావుని ఆ మాత్రం ఒప్పించడానికే ఆరు నెలలు పట్టింది.

"గౌలిపురాలో పాలవాళ్ళా?" అన్నారాయన మొదట. తర్వాత చాలా రోజులకి, "సరే, ఒకసారి రమ్మను. మనుషుల్ని చూస్తాను. నేను కాదన్నాక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు" అన్నారు.

లంచ్‌లో రాగసుధ వెళ్ళి నందు ఎదురుగా కూర్చుంది. "ఏంటి సార్, ఇవాళ నవ్వుకి సెలవు పెట్టారా?"

అతను డబ్బా మూత తియ్యలేదు. "గా ఫొటో ఏడ దొరికింది నీకు?"

"ఏదో సైట్‌లో. ఆ దూడ చూపు చూశావా? మీటింగ్‌లో మన మేనేజర్ అచ్చం అలాగే..."

"ఆ స్వెటర్ నాది."

ఆమె నవ్వింది. అతని ముఖం చూసి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"అయిదో తరగతిల తొడుక్కున్న. మోచెయ్యి కాడ మా అమ్మ నల్లదారంతోని కుట్టింది, పెద్దగ చేసి చూడు. స్కూటర్ మీదున్నది మా బాపు."

"నందూ..."

"దుడ్డెకు జొరమొచ్చింది. ఆటోల ఎవ్వడు ఎక్కించుకోలె. చలికి వణుకుతాందని నా పాత స్వెటర్ తొడిగి పశువుల దవాఖానకు తీస్కపోయిండు. దాంట్ల నవ్వేటందుకు ఏమున్నది?"

"ఒట్టు, నాకు తెలీదు. ముఖం కనపడితేగా!"

"బర్రె కొడుకు అని రాసినవ్ చూడు. బడిల నన్ను గట్లనే పిలిచేటోళ్ళు. ఇన్నేండ్లకు మల్ల విన్న. అదీ నీ దగ్గర."

అతను డబ్బా పట్టుకుని లేచాడు. "బాపును ఏం మొఖం పెట్టుకొని మీ ఇంటికి తీస్కరావాలె? పానం బాగలేదని చెప్త. ఇప్పుడొద్దు."

"ఈ ఆదివారం రాకపోతే మా నాన్న ఇంకోసారి రమ్మనరు. తెలుసుగా?"

"తెలుసు."

మధ్యాహ్నమంతా ఆమె సీటు సీటుకీ తిరిగి ఆ మెయిల్ తీసెయ్యమని బతిమాలింది. "తీసేస్త గని," అంది స్వీటీ, "మా అన్నోళ్ళ బ్యాంకుల నోటీసు బోర్డు మీద పెట్టిన్రంట. గాడికి పోయి తీస్తవా?"

పంపడానికి ఒక్క నొక్కు చాలు. వెనక్కి పిలవడానికి ఏ మీటా లేదు.

సాయంత్రం శ్రీహరిరావు చేతిలో ఒక ప్రింటు పట్టుకుని, చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చారు.

"రాజేశ్వరీ, ఇలా రా! మా సెక్షన్‌లో పంచుతున్నారు. మా ఆఫీసు ముందు వంతెనే, చూడు!" అంటూ కింద రాసింది పైకి చదివి పొట్ట పట్టుకుని నవ్వారు. "ఎవరు రాశారో గాని మహా చమత్కారి!"

తల్లి రాజరాజేశ్వరి కళ్ళజోడు సర్దుకుని చూసింది. "పాపం, జబ్బు చేసిందేమోనండీ. దాని కళ్ళు చూడండి, ఎలా వాలిపోయాయో."

"నీకు ప్రతిదానికీ పాపమే!" ఆయన హాల్లో టేబుల్ అద్దం ఎత్తి, ప్రింటు దాని కింద పెట్టారు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే టేబుల్ అది.

రాగసుధ ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయింది. ప్రింటు తీసి చింపెయ్యొచ్చు. ముఖం మఫ్లరులో ఉంది కాబట్టి నాన్న పోల్చుకోలేరు. నందు ఎలాగూ చెప్పడు. అందరూ ఊరుకుంటే ఏ గొడవా లేదు. కాని రేపెప్పుడో ఆ పెద్దాయనకి వంగి దణ్ణం పెట్టాల్సి వస్తే, ఆ తల ఎలా ఎత్తుతుంది?

శనివారం ఆ ప్రింటు సంచిలో పెట్టుకుని గౌలిపురా వెళ్ళింది. సందు మొదట్లోనే వాన పట్టుకుంది. పాలక్యాన్లు బోర్లించిన అరుగు మీద నుంచి నందు దూకినట్టే వచ్చాడు.

"నువ్వెందుకొచ్చినవ్?"

"మీ నాన్నగారితో మాట్లాడాలి."

"వద్దు సుధా. ఆయనకేం తెల్వదు. తెల్వనియ్యకు."

"ఎవల్రా నందూ?" కొట్టంలోంచి నర్సింహ తల వంచుకుని బయటికొచ్చాడు. పెద్ద మీసం, మోకాళ్ళ దాకా ఎగగట్టిన ధోతి. "లోపటికి రా బిడ్డా, తడుస్తున్నవ్."

ఆమె తానెవరో చెప్పుకుంది. నందు తల్లి రుక్మాబాయి కొడుకు వైపు ఒక చూపు చూసి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. రాగసుధ ప్రింటు తీసి రెండు చేతులతో ఇచ్చింది.

నర్సింహ దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "అరె! గిది నేనే గదా! రుక్మా, ఇటు రా!" అని, అంతలోనే ముఖం చిట్లించాడు. "మీసం కనబడ్తలేదు. తీసినోడు ఒక్క మాట చెప్తే మఫ్లర్ కిందికి గుంజుకుందును. కింద ఏం రాసుంది?"

"చదవకు," అన్నాడు నందు.

రాగసుధ చదివింది. ఒక్క మాట కూడా మింగకుండా చదివింది. రేకుల మీద వాన చప్పుడుని మించేలా గొంతు పెంచింది.

"నేనే రాశానండి. మీరని తెలీదు. తెలీకపోయినా రాయకూడదు."

నర్సింహ మీసం దువ్వుకున్నాడు. "తప్పు రాసినవ్ బిడ్డా. కొడుకు గాదు. అది ఆడపిల్ల." కొట్టంలో నెమరేస్తున్న నల్లటి బర్రెను చూపించాడు. "గదే, చమేలీ. మొన్న తొలి ఈత ఈనింది."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన మాత్రం నవ్వలేదు.

"మంది మస్తు నవ్విన్రా?"

"నవ్వారు. అందరికంటే ముందు నేనే."

"మా నందు?"

"నవ్వలేదు."

"మరి ఏమన్నడు?"

నందు నేల చూశాడు. "ఏమనలే బాపు."

"గాయన మా బాపు అని మంది ముంగట చెప్పలే?"

నందు తల అడ్డంగా ఊపాడు.

"ఈ పిల్లకు తెల్వక నవ్వింది. నీకు తెలిసి సప్పుడు జెయ్యలే." నర్సింహ గొంతు పెద్దది చెయ్యలేదు. ప్రింటు మడిచి ఆమెకి ఇచ్చేశాడు. "రేపు ఆ సారు ముంగట నన్ను ఎవలని చూపిస్తవ్ రా? అది ఆలోచన చేసి చెప్పు. అప్పుడు చూద్దాం, పోవాల్నో వద్దో."

రుక్మాబాయి చాయ్ గ్లాసు రాగసుధ చేతిలో పెట్టి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, తాగు," అంది. కాని వస్తామని ఎవరూ అనలేదు. నందు ఆమెని సందు చివరిదాకా దిగబెట్టడానికైనా రాలేదు.

ఆదివారం పొద్దున రాగసుధ ప్రింటుని మళ్ళీ టేబుల్ అద్దం కిందే పెట్టింది. శ్రీహరిరావు పేపరు రెండుసార్లు చదివి గడియారం చూశారు.

"మీ వాళ్ళకి టైము పట్టింపు లేనట్టుందే?"

"వస్తారు నాన్నా."

పదకొండు దాటాక కింద స్కూటరు దగ్గి, ఆగింది. ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అదే స్కూటరు. తెల్ల లాల్చీలో నర్సింహ, వెనక ఒడిలో స్టీలు టిఫిన్ డబ్బాతో నందు.

లోపలికొచ్చి కూర్చున్నారు. వాన గురించీ, రోడ్ల గురించీ రెండు మాటలయ్యాయి. నర్సింహ చూపు అద్దం కిందికి పోయి అక్కడే ఆగింది. శ్రీహరిరావు అది గమనించి ఉత్సాహంగా ముందుకి జరిగారు. "చూశారా దాన్ని? ఎవడో గాని, దూడకి స్వెటరు వేసి మరీ..."

నందు లేచి నిలబడ్డాడు.

"అంకుల్, ఆయన మా బాపు. ఆ స్వెటర్ నాది."

శ్రీహరిరావు నవ్వబోయి ఆగిపోయారు.

"కింద రాసింది నేను నాన్నా," అంది రాగసుధ.

ఆయన ఫొటో వంక చూశారు, ఎదురుగా ఉన్న మనిషి వంక చూశారు, కూతురి వంక చూశారు. ముఖం ఎర్రబడింది. ఏ క్షణాన అయినా లేచి లోపలికి పోతారనిపించింది. నందు చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వంటింటి గుమ్మంలోంచి రాజరాజేశ్వరి గొంతు వినపడింది. "దూడ బతికిందా అన్నయ్యగారూ?"

ఆ పిలుపుకి శ్రీహరిరావు తల తిప్పి భార్యని చూశారు. ఆవిడ చూపు దించుకోలేదు.

"బతికింది చెల్లె." నర్సింహ టిఫిన్ మూత తీశాడు. యాలకుల వాసన గదంతా పరుచుకుంది. "మొన్న ఈనింది. గిది దాని జున్నే."

రాజరాజేశ్వరి గిన్నెలు తెచ్చి, మొదటిది భర్త ముందే పెట్టింది. ఆయన చాలాసేపు దాన్ని చూశారు. తర్వాత చెంచా తీసుకున్నారు.

"బెల్లంతో చేశారా?"

"అవు సారు. మా ఇంట్ల బెల్లమే."

గిన్నె ఖాళీ అయింది. ఆయన దాన్ని భార్య వైపు జరిపారు, ఇంకొంచెం వెయ్యమన్నట్టు. అప్పుడు అద్దం ఎత్తి ప్రింటు బయటికి తీసి, జేబులోని పెన్ను కూతురికిచ్చారు.

"నువ్వు రాసింది నువ్వే కొట్టెయ్."

ఆమె కొట్టేసింది. ఆయన ప్రింటుని మళ్ళీ అద్దం కింద పెట్టి, చేత్తో సాపు చేశారు. "ఉండనీ. వియ్యంకుడి ఫొటో మన దగ్గర ఇంకోటి లేదుగా."

"ఇంకోటి దియ్యాలె సారు," అన్నాడు నర్సింహ వెంటనే. "గిండ్ల మీసం కనబడ్తలేదు."

అందరూ నవ్వారు. ఈసారి నందు కూడా. ఖాళీ గిన్నె అందుకోవడానికి రాగసుధ వంగినప్పుడు అతను మెల్లగా అడిగాడు.

"ఏమన్నా అరిష్టం అయిందా మేడమ్?"